జూలో తీసిన ఫొటో

లండన్ రీజెంట్స్ పార్కు జూలో 1851 నుంచి 1872 దాకా ఒక ఆడ క్వాగా బతికింది. క్వాగా అంటే దక్షిణాఫ్రికా మైదానాల్లో మేసిన ఒక రకం జీబ్రా. చారలు తలకూ మెడకూ భుజాలకూ మాత్రమే స్పష్టంగా ఉండేవి. నడుము దగ్గరికి వచ్చేసరికి అవి మసకబారిపోయేవి. వెనక భాగమంతా గోధుమ రంగు, కాళ్లు తెలుపు. 1863కూ 1870కూ మధ్య ఫ్రాంక్ హేస్, ఫ్రెడరిక్ యార్క్ అనే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఆ జూలో దాన్ని ఫొటో తీశారు. ఆ రోజుల్లోనే అక్కడ దక్షిణాఫ్రికాలో వేటగాళ్లు క్వాగాల మందలను తుడిచిపెడుతున్నారు. 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో ఆఖరి క్వాగా చనిపోయింది.

ప్రాణంతో ఉన్న క్వాగా ఫొటోలు ఇవాళ ప్రపంచం మొత్తం మీద తెలిసినవి 5. అయిదింటిలోనూ ఉన్నది ఆ లండన్ క్వాగాయే.

‘జూలో ఫొటో తీయడం కూడా ఒక విద్యేనా’ అని పెదవి విరిచేవాళ్లు ఫొటోగ్రాఫర్లలోనే చాలామంది ఉన్నారు. అడవిలో రోజుల తరబడి మాటు వేసి, జలగలు పట్టినా కదలకుండా కూర్చుని తీసిందే ఫొటో అని వాళ్ల వాదన. అడవి ఫొటో గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. అయితే టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి, పిల్లల అల్లరి మధ్య కంచె పక్కన నిలబడి తీసిన ఫొటో ఒక జాతికి ఆనవాలుగా మిగిలిన సందర్భాలు ఉన్నాయి. అంత విలువ రాగల పనిని శ్రద్ధగా చేయాలి, నిజాయితీగా చేయాలి, జంతువుకు ఇబ్బంది కలగకుండా చేయాలి. ఈ ప్రసంగం దాని గురించే.

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లో ప్లేటు మీద బొమ్మ పడడానికి సెకన్లకు సెకన్లు పట్టేది. ఈలోగా జంతువు తల తిప్పిందంటే బొమ్మంతా అలుక్కుపోయేది. 1850లో లండన్ జూకు ఒబైష్ అనే నీటిగుర్రం పిల్ల వచ్చింది. నైలు నదిలోని ఒక లంకలో దొరికింది కాబట్టి ఆ లంక పేరే దానికీ పెట్టారు. చూడడానికి జనం విరగబడ్డారు. 1852లో స్పెయిన్ రాజవంశానికి చెందిన మోంటిజాన్ ప్రభువు హువాన్ దాన్ని ఫొటో తీశాడు. ఆ ఫొటోలో ఒబైష్ కొలను గట్టున పడుకుని నిద్రపోతూ ఉంటుంది. చువ్వల అవతల జనం నిలబడి చూస్తుంటారు. నిద్రపోయే జంతువు కదలదు కనుకనే ఆ కాలపు కెమెరాకు ఆ బొమ్మ దక్కింది.

ఎనభై ఏళ్లు గడిచాక కదిలే బొమ్మ కూడా జూలోనే ఒక జాతి రూపాన్ని కాపాడి పెట్టింది. ఆస్ట్రేలియాకు దిగువన ఉన్న టాస్మేనియా ద్వీపంలో, హోబార్ట్ పట్నంలోని బోమారిస్ జూలో, 1933లో డేవిడ్ ఫ్లే అనే జీవశాస్త్రవేత్త ఒక తైలసీన్‌ను సినిమా తీశాడు. తైలసీన్‌కు కుక్క వంటి తల, వీపు వెనక భాగాన పులి వంటి చారలు, కంగారూకు ఉన్నట్టు సంచి ఉండేవి. ఫ్లే ఎన్‌క్లోజర్‌లోకి దిగి, కెమెరా వెనక వంగి తీస్తుండగా అది వచ్చి అతని పిరుదు కరిచింది. సినిమా మాత్రం దక్కింది. నిమిషం పైచిలుకు నిడివి ఉన్న ఆ రీలులో తైలసీన్ పచార్లు చేస్తుంది, నేల మీద పడుకుంటుంది, నోరు నమ్మలేనంత వెడల్పుగా తెరిచి ఆవులిస్తుంది. 1936 సెప్టెంబరు 7న ఆ జూలోనే, మనిషికి తెలిసిన ఆఖరి తైలసీన్ చనిపోయింది. ఆ సినిమాలో ఉన్నది ఆడదా మగదా అన్న తగువు చాలా ఏళ్లు నడిచి, 2011లో ఒకే ఒక్క ఫ్రేమును పట్టి పట్టి చూశాక మగదని తేలింది. ఫ్లే ఆ రోజు ఇంకాస్త దూరం నుంచి తీసి ఉంటే ఆ సంగతి తేలేది కాదేమో.

మన హైదరాబాదుకు వస్తే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు నిజాం రాజ్యంలో వేటకు వచ్చినప్పుడు తీసిన దీన్‌దయాళ్ ఫొటో ఒకటి దేశదేశాల్లో ప్రసిద్ధి. నిలబడ్డ దొర, దొరసాని, వాళ్ల కాళ్ల దగ్గర చచ్చిపడి ఉన్న పులి. ఆ రోజుల్లో పులి ఫొటో అంటే చాలావరకు చచ్చిన పులి ఫొటోయే. బతికున్న పులిని తీరిగ్గా ఫొటో తీసుకునే అవకాశం మామూలు మనిషికి ఇచ్చింది జూయే. హైదరాబాద్ బాగే ఆంలో ఉన్న పాత జంతుశాలను మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లోకి మార్చి, 1963 అక్టోబరు 6న నెహ్రూ జంతు ప్రదర్శనశాలగా తెరిచారు. 1977లో విశాఖపట్నంలో, మూడు వైపులా కొండలున్న 625 ఎకరాల్లో, ఇందిరాగాంధీ జూ జనానికి అందుబాటులోకి వచ్చింది. 1987లో తిరుపతిలో, శేషాచలం కొండల పాదాల దగ్గర, విస్తీర్ణంలో దేశంలోని పెద్ద జూలలో ఒకటైన శ్రీ వేంకటేశ్వర జూ మొదలైంది.

బాగే ఆం నుంచి 1963లో కొత్త జూకు వచ్చినవాటిలో ఒక గాలాపగోస్ రాక్షస తాబేలు ఉంది. అది 2024 మార్చిలో చనిపోయింది. అప్పటికి దాని వయసు సుమారు 125 ఏళ్లని జూ అధికారులు చెప్పారు. అరవై ఏళ్ల పాటు అదే ఆవరణలో తిరిగిన ఆ తాబేలు హైదరాబాదులో ఎన్ని ఇళ్ల ఆల్బముల్లో ఉండి ఉంటుందో! నలుపు తెలుపు ఫొటోలో తాతగారి పక్కన ఉన్నదీ, సెల్‌ఫోన్ ఫొటోలో మనవరాలి వెనక ఉన్నదీ ఒకే తాబేలు కావచ్చు.

జూ కట్టిన తీరు మారితే ఫొటో తీరు కూడా మారుతుంది. ఇనుప చువ్వల బోను వెనక సింహాన్ని ఎంత బాగా తీసినా కంటికి ముందు చువ్వలే కనిపిస్తాయి. 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ చువ్వలు లేని జూ తెరిచాడు. జంతువుకూ జనానికీ మధ్య లోతైన కందకం తవ్వించి, అది దాటలేని దూరం లెక్కగట్టి, చూసేవాళ్ల చూపుకు అడ్డం లేకుండా చేశాడు. మన హైదరాబాద్ జూలో సింహాలు, పులులు, ఎలుగుబంట్లు ఉన్న ఆవరణలు ఆ కందకం పద్ధతివే. అక్కడ ఫొటోకు అడ్డమేమీ ఉండదు కాని దూరం ఉంటుంది. అందుకే 200 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా లాగే లెన్స్ ఉంటే పులి ముఖం నిండుగా వస్తుంది. అంత లెన్స్ లేనివాళ్లు పులి ఒక్కదాన్నే పట్టుకోవాలని తంటాలు పడకుండా చెట్టు, బండరాయి, నీటిమడుగు కలిపి తీస్తే ఆ ఫొటో ఇంకా బాగుంటుంది.

చిక్కంతా జాలీతోనే. పక్షులు, కోతులు, చిరుతలు ఉండేది ఇనుప జాలీ వెనకే. జాలీని మాయం చేసే ఉపాయం ఒకటి ఉంది. అది మంత్రం కాదు, లెన్స్ పనిచేసే తీరు. దూరంగా ఉన్న జంతువు మీద ఫోకస్ పెట్టినప్పుడు లెన్స్ ముందు అతి దగ్గరగా ఉన్న తీగ బొమ్మ ఒకచోట నిలవదు. అది ఫొటో అంతటా పలచగా పరుచుకుని, కంటికి తెలియనంత మసక పొరగా మారిపోతుంది. దీనికి లెన్స్ జాలీకి వీలైనంత దగ్గరగా ఉండాలి, ఎపర్చర్ పూర్తిగా తెరవాలి, అంటే ఎఫ్ 2.8, ఎఫ్ 4 వంటి చిన్న అంకె పెట్టాలి, జూమ్ బాగా లాగాలి, జంతువు జాలీకి కొన్ని గజాలు వెనక ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే చిరుత ముఖం ముందు ఒక్క గీత కూడా కనిపించదు. ఎండ తగిలే తీగ మాత్రం మాయం కాదు. తళతళలాడి ఫొటో అంతా పాలిపోయేలా చేస్తుంది. అప్పుడు నీడ పడ్డ జాలీ వైపుకు జరగాలి, లేదా పక్కన ఉన్నవాళ్లు అరచేయి అడ్డం పెట్టి తీగ మీద నీడ పడేలా చూడాలి. నల్ల రంగు వేసిన జాలీ త్వరగా మాయమవుతుంది, కొత్త ఇనుము మెరుపు ఓ పట్టాన పోదు. జంతువే వచ్చి జాలీకి ఆనుకుని కూర్చుందంటే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. అది వెనక్కి వెళ్లేదాకా ఆగాల్సిందే.

చాలా ఆవరణల్లో జాలీకి ముందు అడ్డుకమ్మీ ఉంటుంది. ఆ కమ్మీ దాటి జాలీకి లెన్స్ ఆనించకూడదు. కమ్మీ ఇవతల నుంచి జూమ్ ఎంత అందితే అంతే. దగ్గరకు వెళ్లనిచ్చే చోట సెల్‌ఫోన్ వాడేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఫోన్ లెన్స్ చిన్నది కాబట్టి జాలీ కన్నంలోంచి అడ్డం లేకుండా చూస్తుంది. ఫోన్‌ను గట్టిగా పట్టుకోవాలి సుమా. ఆవరణలో పడ్డ ఫోన్ కోసం కీపర్లు జంతువును లోపలికి పంపాల్సి వస్తుంది. ఆ ఫోన్‌ను ఈలోగా ఏ కోతి నోట్లోనో పెట్టుకుంటే జరిగే నష్టం ఫొటో కంటే చాలా పెద్దది.

పరికరం సంగతి అంతే. మిగిలినదంతా ఓపిక.

నీటిగుర్రాల కొలను దగ్గర ఏ ఆదివారం చూసినా జనం వస్తారు, బూడిద రంగు వీపులు నాలుగు నీళ్లలో తేలుతుంటే ఒక ఫొటో తీసుకుని, ‘ఇది లేవదులే’ అనుకుని వెళ్లిపోతారు. నీళ్లలో మునిగిన నీటిగుర్రం గాలి కోసం కొద్ది నిమిషాలకు ఒకసారి పైకి రావలసిందే. ముందుగా నీటి మీద చిన్న సుడి లేస్తుంది. మూసుకుని ఉన్న ముక్కు రంధ్రాలు రెండూ ఒక్కసారిగా తెరుచుకుని, బుస్సుమంటూ తుంపర పైకి చిమ్ముతుంది. ఆ వెంటనే ఉబ్బెత్తు కళ్లు, వాటి వెనక శరీరానికి పొంతన లేని బుల్లి చెవులు బయటికొస్తాయి. బయటికొచ్చిన చెవులు గిర్రున తిరుగుతాయి. నీటిచుక్కలు చుట్టూ వలయంగా ఎగురుతాయి. పొద్దు అవతలి వైపు ఉంటే ఆ చుక్కలన్నీ వెలుగు పట్టుకుంటాయి. ఇదంతా రెండు మూడు క్షణాల పని. సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగంతో, అది ఇంతకుముందు లేచిన చోటు మీదనే ఫోకస్ పెట్టుకుని నిలబడినవాళ్లకు అది దక్కుతుంది. రెండుసార్లు లేవడం చూస్తే మూడోసారి ఎక్కడ లేస్తుందో కొంత అంచనా తెలుస్తుంది.

పులి దగ్గర కూడా అంతే. పడుకున్న పులి లేవబోయే ముందు చెవులు చెబుతాయి. కీపర్ అడుగుల చప్పుడు వినగానే అవి వెనక్కి తిరుగుతాయి, చెవుల వెనకనున్న తెల్ల మచ్చలు రెండూ మన వైపు కనిపిస్తాయి. తోక కొస కదులుతుంది. తర్వాత లేస్తుంది. మేత వేళలు తెలుసుకుని వెళ్లేవాళ్లకు ఇది రోజూ కనిపించే దృశ్యమే. కొన్నిసార్లు పులి కంచె వెంట అదే దారిలో పది అడుగులు అటు, పది అడుగులు ఇటు ఆగకుండా తిరుగుతుంటుంది. అది వేట ఉత్సాహం కాదు. బందిఖానాలో పుట్టే ఒత్తిడి లక్షణమని జంతు ప్రవర్తన చదివినవాళ్లు చెబుతారు. దాన్ని ఫొటో తీసి ‘గర్జించే అడవి రాజు’ అని పేరు పెట్టడం అబద్ధం. ఉన్నదున్నట్టు తీస్తే మాత్రం ఆ ఫొటో జూ వాళ్లకు కూడా పనికొస్తుంది. జింక నోట్లో ప్లాస్టిక్ కవరు కనిపించినా, పక్షి కాలికి గాయం కనిపించినా ఫొటో తీసి వెంటనే దగ్గరున్న సిబ్బందికి చూపించడం కన్నా గొప్ప జూ ఫొటోగ్రఫీ లేదు.

వెలుతురు విషయంలో మన ప్రాంతం కాస్త కఠినమైనది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటితే ఎండ నెత్తిన పడి కళ్ల కింద నల్లటి నీడలు వస్తాయి. జంతువులు నీడకో, జూ వాళ్లు పెట్టిన నీటి తుంపరల కిందికో చేరి కదలవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తొలకరి తర్వాత నెమళ్లు పురి విప్పుతాయి, మబ్బు పట్టిన రోజున ఆ నీలం రంగు చక్కగా వస్తుంది. కంచె అవతల జంతువు నిలబడ్డ ఎత్తుకు కెమెరాను దించి, దాని కంటి మీద ఫోకస్ పెట్టి, ఆ కంట్లో ఆకాశపు వెలుగు చుక్క పడేదాకా ఆగితే ఫొటోకు ప్రాణం వస్తుంది. నిలబడి పైనుంచి తీసిన ఫొటోలో తాబేలుకు డిప్ప తప్ప ముఖం ఉండదు.

హైదరాబాద్ జూలో రాత్రి సంచరించే జంతువుల కోసం ప్రత్యేకంగా కట్టిన చీకటి ఇల్లు ఒకటి ఉంది. అక్కడ పగలు చీకటి, రాత్రి వెలుతురు. బయట మిట్టమధ్యాహ్నం అయినప్పుడు లోపల మసక దీపాలు మాత్రమే ఉంటాయి. అది రాత్రి అనుకుని దేవాంగ పిల్లి కొమ్మ మీద ఒక్కో చేయి మార్చుకుంటూ నెమ్మదిగా పాకుతుంది, పునుగు పిల్లి తిరుగుతుంది, గబ్బిలాలు పండు తింటాయి. దేవాంగ పిల్లి ముఖంలో సగం కళ్లే. ఆ కళ్ల లోపల, వెనక భాగంలో వెలుగును వెనక్కి తిప్పికొట్టే పొర ఉంటుంది, అందువల్లే అది నక్షత్రాల వెలుతురులో పురుగును పట్టగలదు. అలాంటి కళ్ల ముందు ఫ్లాష్ కొడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పైగా ఫ్లాష్ అద్దం మీద పడి తిరిగి వచ్చి, ఫొటోలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. అంటే జంతువుకు బాధ, మనిషికి నష్టం. చాలా ఫోన్లలో చీకటి పడగానే ఫ్లాష్ దానంతట అదే వెలుగుతుంది. లోపలికి వెళ్లకముందే దాన్ని ఆపేయాలి. అద్దానికి లెన్స్ ఆనించి, కెమెరా వెలుతురుకు స్పందించే ఐఎస్ఓ అంకె పెంచి, జంతువు నిలిచిన క్షణం చూసి తీస్తే కొంత వస్తుంది. రాకపోతే కెమెరా సంచిలో పెట్టి కళ్లతో చూసి రావడమే మర్యాద.

అక్వేరియంలో ఇంకో రకం లోకం. 1853లో లండన్ జూలోనే ప్రపంచంలో మొదటి బహిరంగ అక్వేరియం తెరిచారు. అప్పటి గాజు తొట్లకూ ఇప్పటివాటికీ పోలికే లేదు. జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియంలో తిమింగల సొరచేపలు ఈదే తొట్టి ముందు గోడ 22.5 మీటర్ల పొడవు, 8.2 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని మందం 60 సెంటీమీటర్లు. 2008లో తెరిచిన దుబాయ్ మాల్ అక్వేరియం గోడ మందం 75 సెంటీమీటర్లు. తెలుగువాళ్లు దుబాయ్ వెళ్తే ఆ గోడ ముందు ఫొటో దిగకుండా రారు. ఇవి గాజు కాదు, యాక్రిలిక్ పలకలు. నీళ్లలోంచి, ఆ తర్వాత అంత మందమైన పలకలోంచి వచ్చే వెలుతురు రెండుసార్లు వంగుతుంది. అందుకే చేప ఉన్న దూరం కన్నా నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. ఏటవాలుగా నిలబడి తీస్తే చేప అంచుల వెంట ఎరుపు, నీలం చారలు పడతాయి, ఒళ్లు సాగిపోతుంది. పలకకు సరిగ్గా ఎదురుగా, లెన్స్ సూటిగా పెట్టి తీస్తే ఆ దోషం చాలావరకు పోతుంది. పైన వంపు తిరిగిన సొరంగంలో ఎంత మంచి కెమెరా అయినా బొమ్మను కొంత వంకర చేస్తుంది. చదునైన గోడ దగ్గరే మంచి ఫొటోలు వస్తాయి.

అద్దం ముందు రెండో బెడద ప్రతిబింబం. వెనక వెలిగే బోర్డు, తీసేవాళ్ల తెల్ల చొక్కా, పక్కవాళ్ల ఫోను అన్నీ చేపతో పాటు ఫొటోలోకి వస్తాయి. లెన్స్ చివర మెత్తటి రబ్బరు హుడ్ తగిలించి అద్దానికి ఆనిస్తే బయటి వెలుతురు లోపలికి దూరదు. ఫోన్ అయితే నేరుగా అద్దానికి ఆనించొచ్చు. వెళ్లేటప్పుడు ముదురు రంగు బట్టలు వేసుకోవడం, అద్దం మీద పిల్లల వేలిముద్రలు తుడవడానికి మెత్తటి గుడ్డ తీసుకెళ్లడం తెలిసినవాళ్లు చేసే పనులు. నీళ్లు ఎరుపు రంగును ముందుగా మింగేస్తాయి, పైన నీలి దీపాలుంటాయి, కాబట్టి ఫొటో అంతా నీలంగా వస్తుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకుంటే పసుపు చేప పసుపుగానే కనిపిస్తుంది. చాలా చేపలకు కంటిరెప్పలు లేవు. ఫ్లాష్ వెలుగు పడితే కళ్లు మూసుకునే వీలు వాటికి లేదు. విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని వంటి చిన్న అక్వేరియంలో కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. అద్దం మీద వేళ్లతో కొట్టి చేపను ఇటు తిప్పాలని చూడడం మరీ తప్పు. ఆ చప్పుడు నీళ్లలో మనం అనుకున్నదానికన్నా గట్టిగా వినిపిస్తుంది.

జూ ఫొటోను జీవితధ్యేయంగా చేసుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన జోయెల్ సార్టోర్ నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఫొటోగ్రాఫర్. భార్యకు జబ్బు చేయడంతో దూర ప్రయాణాలు మానుకుని ఇంటిపట్టున ఉండాల్సి వచ్చింది. 2006లో ఊళ్లోనే ఉన్న చిన్నపిల్లల జూకు వెళ్లి, ఒంటి మీద వెంట్రుకలు లేని ఒక ఆఫ్రికా ఎలుకను తెల్లటి పలక మీద పెట్టి ఫొటో తీశాడు. అలా ‘ఫొటో ఆర్క్’ మొదలైంది. జూలు, అక్వేరియంలు, సంరక్షణ కేంద్రాల్లో ఉన్న జీవజాతులన్నిటినీ తీయాలన్న ఆ ప్రయత్నంలో ఇప్పటికి 15,000 దాటి జాతులు చేరాయి. నేపథ్యం నలుపో తెలుపో, అంతే. చెట్టూ పుట్టా లేకపోవడంతో చిట్టెలుకకూ ఏనుగుకూ ఫొటోలో ఒకే ఎత్తు, ఒకే గౌరవం దక్కుతాయి. రెండూ నేరుగా మన కళ్లలోకి చూస్తాయి.

సార్టోర్ తీసినవాటిలో ఒక కప్ప ఉంది. పనామా అడవుల్లో చెట్ల మీద బతికే ఒక జాతిలో మనిషికి తెలిసినంతలో అదే ఆఖరిది, పేరు టఫీ. అట్లాంటా ఉద్యానవనంలో ఉండేది. 2015లో న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనం గోడల మీద ఆయన తీసిన జంతువుల ఫొటోలను వెలుగుతో ప్రదర్శించారు. టఫీ 2016 సెప్టెంబరులో చనిపోయింది. ఆ జాతికి ఆనవాలుగా ఫొటోలూ, ఆ కప్ప గొంతు వినిపించే రికార్డింగూ మిగిలాయి. సార్టోర్ దీపాలు, ఫ్లాషులు వాడతాడు కదా అని అడగవచ్చు. ఆయన పని జూ వాళ్ల సమక్షంలో, కీపర్ చేతుల మీదుగా, కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. జంతువు బెదిరితే ఆపేస్తారు. టికెట్ కొన్న వందలమంది ఒకరి తర్వాత ఒకరు ఫ్లాష్ కొట్టడానికీ దానికీ సంబంధం లేదు.

నిజాయితీ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2009లో లండన్‌లో ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీలో మొదటి బహుమతి ఒక తోడేలు ఫొటోకు వచ్చింది. రాత్రి వేళ కర్ర గేటు మీదుగా తోడేలు దూకుతున్న అద్భుతమైన ఫొటో. కొద్ది నెలలకే, 2010 జనవరిలో, నిర్వాహకులు ఆ బహుమతి రద్దు చేశారు. అది అడవి తోడేలు కాదని, మాడ్రిడ్ దగ్గరి ఒక జంతు ఉద్యానంలో పెంచిన మచ్చికైన తోడేలు అయి ఉంటుందని వాళ్లు తేల్చారు. ఫొటోగ్రాఫర్ ఒప్పుకోలేదు, కాని నిర్వాహకులు మాట మార్చలేదు. ఫొటో అందంలో లోపమేమీ లేదు. మచ్చికైన తోడేలు అని ముందే రాసి ఉంటే అది ఆ పోటీలోకి వెళ్లేదే కాదు, ఆయన పేరుకు మచ్చ వచ్చేదీ కాదు. మన దగ్గర సోషల్ మీడియాలో జూ పులిని నల్లమల పులిగా చెప్పుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకుంటే మంచిది.

ఫొటో మోజు శృతిమించినప్పుడు దాని బరువు జంతువు మీదే పడుతుంది. థాయిలాండ్‌లో ఖావో ఖ్యో జూలో 2024 జులైలో మూ డెంగ్ అనే పొట్టి నీటిగుర్రం పిల్ల పుట్టింది. దాని ఫొటోలు ప్రపంచమంతా పాకాయి. చూడడానికి వచ్చినవాళ్లలో కొందరు, అది నిద్రపోతుంటే లేపి ఫొటో తీయడానికి దాని మీద గవ్వలు, నీళ్లు విసిరారు. జూ అధికారులు కెమెరాలు పెట్టించారు, చర్య తీసుకుంటామని హెచ్చరించారు, ఒక్కో బృందానికి అయిదు నిమిషాలే అని నియమం పెట్టారు. 2019లో అమెరికాలోని ఆరిజోనాలో ఒక మహిళ సెల్ఫీ కోసం అడ్డుగోడ దాటి జాగ్వార్ పంజా దెబ్బ తిన్నది. మన తిరుపతి జూలో 2024 ఫిబ్రవరి 15న ఒక సందర్శకుడు సింహం ఆవరణలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. సెల్ఫీ కోసమేనని అప్పట్లో వార్తలు వచ్చాయి. అలాంటి ప్రతి ఘటనలోనూ తప్పు చేయనిది ఆ జంతువు ఒక్కటే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె అనే సెక్షన్ ఉంది. జూలో జంతువును ఆటపట్టించడం, గాయపరచడం, దానికి తిండి పెట్టడం, చప్పుడు చేసి చీకాకు పెట్టడం, చెత్త పడేయడం నేరమని ఆ సెక్షన్ చెబుతుంది. ఫొటో కోసం ఈల వేసినా, రాయి విసిరినా, బిస్కెట్ ఆశ చూపినా అది ఈ చట్టం కిందికే వస్తుంది. దూరం పాటించడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2021 మే నెలలో హైదరాబాద్ జూలో 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. మనిషికి వచ్చే రోగం సింహానికీ తగలగలదని మన దగ్గర కూడా అప్పుడు తెలిసింది.

అదే సీసీఎంబీ, కేంద్ర జూ అథారిటీ, హైదరాబాద్ జూ కలిసి 2010 నుంచి మూషిక జింకలను పెంచుతున్నాయి. అడుగు ఎత్తు కూడా ఉండని ఈ జింక అడవిలో ఆకుల మధ్య చీకట్లో తిరుగుతుంది. నల్లమలకు దగ్గర్లో పుట్టి పెరిగినవాళ్లలో కూడా దాని ముఖాన్ని చూసినవాళ్లు అరుదు. జూలో పుట్టిన మూషిక జింకలను కొన్నేళ్లుగా ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదులుతున్నారు. వాటి ఒంటి మీది తెల్లని చుక్కలు, చారలు, పెన్సిళ్లంత సన్నని కాళ్లు మన పిల్లలు స్పష్టంగా చూడాలంటే జూలో తీసిన ఫొటోయే దిక్కు.

కాబట్టి ఈసారి జూకు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. ఒక్క జంతువు దగ్గరైనా అరగంట ఆగండి. ఫ్లాష్ ఆపేయండి. ఇంటికి వచ్చాక ఫొటో కింద జంతువు పేరు, జూ పేరు, తీసిన తేదీ మూడూ రాసి పెట్టండి. లండన్ క్వాగా ఫొటోలు ఇవాళ శాస్త్రవేత్తలకు పనికొస్తున్నది ఎక్కడ తీశారో, దాదాపు ఎప్పుడు తీశారో తెలిసినందువల్ల కూడా. హైదరాబాద్ జూకు సోమవారం సెలవు. మిగతా రోజుల్లో గేటు తెరిచే వేళకే వెళ్తే జనం తక్కువగా ఉంటారు, వెలుతురు బాగుంటుంది.